అరువు చర్మం

కుట్టు దుకాణం,
సోమవారం

బావమరిదికి,

నీ ఫోన్లు మోగుతున్నాయి. వినబడక ఎత్తడం లేదనుకోకు. నీ గొంతులో మీ అక్క గొంతు ఉంది. "హలో" అనేటప్పుడు ఇద్దరూ ఒకేలా సాగదీస్తారు. ఆ ఒక్క మాట విన్నాక ఆ పూటంతా మెషిన్ ముందు ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి.

పరామర్శలు మాత్రం రాయకు. అవి ఇక్కడ కావలసినన్ని దొరుకుతున్నాయి. పక్క చెప్పుల కొట్టాయన రోజూ వచ్చి, బల్ల మీద కూర్చుని, నిట్టూర్చి పోతున్నాడు. ఆయన నిట్టూర్పులకి నా దారం రీళ్ళు కదులుతున్నాయి.

నేను అడగదలుచుకున్నది ఒకటే. తమ్ముణ్ణి చూసొస్తానని నీ దగ్గరికి వచ్చిన మనిషి తలనొప్పి అంటూ పడిపోయింది. మీ ఆసుపత్రిలోనే పెట్టాం, వారం తిరక్కుండా పోయింది. డాక్టరు ఆ మాట చెప్పి ఇంకా అటు తిరగనైనా లేదు, నువ్వు కాగితం పట్టుకుని నా పక్కన కూర్చున్నావు. "బావా, అక్క చర్మం ఇస్తే కాలినవాళ్ళకి కప్పడానికి పనికొస్తుంది. ఆలస్యమైతే పనికిరాదు" అన్నావు. నేను తలూపాను. ఆ పూట నువ్వు నా దుకాణం రాసిమ్మన్నా ఊపేవాణ్ణి. ఇప్పుడు బుర్ర పనిచేస్తోంది. ఒళ్ళు మండిపోతోంది.

నేను దర్జీని. మీ అక్కకి ఎంత గుడ్డ పడుతుందో టేపు పెట్టకుండా చెప్పగలను. అలాంటివాణ్ణి, ఆవిడ ఒంటిమీంచి ఎంత తీశారో, ఎక్కడినుంచి తీశారో తెలీకుండా సంతకం పెట్టాను. ఆ తీసింది ఇప్పుడు ఎక్కడుంది? ఎవరి మీద ఉంది? తోలు డాక్టరువి కదా, సూటిగా చెప్పు.

బావ


స్కిన్ బ్యాంకు, కింది అంతస్తు,
శుక్రవారం

బావా, నమస్కారం.

ఉత్తరం అందింది. నేను డాక్టర్ని కానని మీకు తెలుసు. చర్మాన్ని కడిగేవాణ్ణి, దాచేవాణ్ణి. అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను.

తొడలు, పిక్కలు, వీపు. అంతే. ముఖం, చేతులు ముట్టుకోరు. వడ్రంగి చిత్రిక పట్టినట్టు, చిన్న మోటారు ఉన్న పరికరంతో పైపొరను మాత్రం లేపుతారు. ఉల్లిపొర అంత పలచగా వస్తుంది. రక్తం కారదు. తర్వాత శుభ్రంగా కట్లు కట్టి, బట్టలు తొడిగి అప్పగిస్తారు. మీరు చూసినప్పుడు మీకేమీ తేడా కనిపించలేదు, గుర్తుందా? నేను లోపలికి వెళ్ళలేదు. సొంతవాళ్ళు ఆ బల్ల దగ్గరికి రాకూడదన్నది మా పద్ధతి. తలుపు బయట స్టూలు మీద కూర్చున్నాను.

తీసిన చర్మాన్ని కడిగి గ్లిజరిన్‌లో పెడతాం. గ్లిజరిన్ అందులోని నీరు లాగేస్తుంది. దాంతో రంగు పోయి, ఎవరి చర్మమైనా పాలిపోయి ఒకేలా కనిపిస్తుంది. అప్పటినుంచి దానికి మనిషి పేరు ఉండదు, నంబరు ఉంటుంది. క్రిములేమైనా ఉన్నాయేమో పరీక్ష చేస్తాం. అది గట్టెక్కితే అడిగిన ఆసుపత్రులకి చల్లటి పెట్టెల్లో పంపుతాం. మీ ఊరి పెద్దాసుపత్రికి కూడా పంపుతుంటాం.

ఇంకో సంగతి మీరు తెలుసుకోవాలి. ఆ చర్మం ఎవరి మీదా ఉండిపోదు. ఒళ్ళు బాగా కాలినవాడికి సొంత చర్మమే తొడ నుంచి తీసి అతుకుతారు. ఎక్కువ కాలితే అతకడానికి సరిపడా చర్మం వెంటనే దొరకదు. ఈలోగా పచ్చిపుండు తెరిచి ఉంచితే ఒంట్లో నీరంతా కారిపోతుంది, క్రిములు చేరతాయి. గుడ్డ కట్టు కడితే, విప్పిన ప్రతిసారీ నరకమే. అందుకని ప్రాణి చర్మాన్నే కట్టులా వేస్తారు. మేం జీవకట్టు అంటాం. వేసిన గంటలోనే నొప్పి తగ్గుతుంది. రెండు మూడు వారాలు అంటుకుని ఉంటుంది. తర్వాత ఆ ఒళ్ళు దాన్ని పరాయిదని పసిగట్టి తోసేస్తుంది. అప్పటికి దాని పని అయిపోతుంది.

ఎవరికి వేశారన్నది కుటుంబాలకి చెప్పం. అది నిబంధన.

వేళకి తింటున్నారా?

మీ బావమరిది


కుట్టు దుకాణం,
ఆదివారం

బావమరిదికి,

నిబంధన నీకుంది, నాకు లేదు. నువ్వే రాశావు మా పెద్దాసుపత్రికి పంపుతామని. ఆ ఆసుపత్రి గౌన్లు కుట్టేది ఎవరనుకున్నావ్?

కాలినవాళ్ళ వార్డుకి కొత్త గౌన్ల కొలతలు కావాలని వంక పెట్టి వెళ్ళాను. అక్కడి పెద్ద సిస్టరు నాకు బాగా తెలుసు. మాస్కు, టోపీ పెట్టించి, నేను కుట్టిన గౌనే నాకు తొడిగింది. చంకలో ఎంత బిగుతో! ఇన్నేళ్ళుగా డాక్టర్లు, నర్సులు ఇది తొడుక్కుని తిరుగుతున్నారు, ఒక్కరైనా నోరు విప్పి చెప్పలేదు.

చివరి మంచం మీద ఒక బాయిలర్ మేస్త్రీ ఉన్నాడు. బట్టలకు రంగులద్దే మిల్లులో ఆవిరి గొట్టం పగిలి ఛాతీ, రెండు చేతులు ఉడికిపోయాయట. నావాళ్ళు అని ఎవరూ రారు. తిండి తినడు, చెయ్యి చాపమంటే చాపడు. దగ్గరికి వచ్చినవాళ్ళని వచ్చినట్టే తిడతాడు. సిస్టరు కట్టు తీసి చూస్తోంది. కింద పాలిపోయిన పొర ఒకటి అంటుకుని ఉంది, వలలా చిన్న చిన్న గాట్లు పెట్టి. గాట్లు పెడితే గుడ్డ సాగినట్టు సాగుతుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. "ఏంటమ్మా అది?" అని అడిగితే, "జీవకట్టు, దర్జీగారూ. మొన్న చల్లటి పెట్టెలో వచ్చింది" అంది.

మంచం కమ్మీ పట్టుకున్నాను.

రంగు మీ అక్క రంగు కాదు. కానీ రంగు పోతుందని నువ్వే రాశావు. వచ్చిన రోజు కూడా లెక్కకి సరిపోయింది. నువ్వు అవునని చెప్పక్కర్లేదు. కాదని మాత్రం అనకు.

బావ


స్కిన్ బ్యాంకు,
బుధవారం

బావా,

తొందరపడకండి. పాలిపోయిన పొర చూసి అది ఎవరిదో నేనే చెప్పలేను, మీరెలా చెబుతారు? చల్లటి పెట్టెలు మా దగ్గర్నుంచే కాదు, చాలా చోట్ల నుంచి వస్తాయి.

మేస్త్రీ సంగతి వేరు. అతను గుడ్లు తినాలి. కాలిన ఒళ్ళు మామూలు ఒంటికంటే రెట్టింపు తిండి అడుగుతుంది. మోచేతులు రోజూ చాపాలి. మానేస్తే మానిన చర్మం బిగుసుకుపోయి చేతులు అలాగే మడతపడి ఉండిపోతాయి. మిల్లులో పనిచేసినవాడికి చేతులు పోతే ఏముంటుంది? మీరు వెళ్తే వెళ్ళండి. కానీ అతని కోసం వెళ్ళండి.

అక్క విషయం మళ్ళీ అడిగారు. నిబంధన గురించి రాశాను. అంతకంటే రాయడానికి లేదు.

మీ బావమరిది


కుట్టు దుకాణం,
శనివారం

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం చదివితే కరెంటు ఆఫీసు నుంచి వచ్చినట్టుంది. పోనీలే, నీ ఉద్యోగం నీది. నా సంగతులు విను.

రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి వార్డుకి వెళ్తున్నాను. చాలా రోజుల తర్వాత గడ్డం గీసుకున్నాను. చెప్పులాయన అది చూసి ఒక నిట్టూర్పు తగ్గించాడు.

మేస్త్రీ నోరు మంచిది కాదు. మొదటి రోజు, "ఏం దర్జీ, శవానికి కొలతలు తీసుకోడానికొచ్చావా?" అన్నాడు. రెండో రోజు నా వంక చూడనేలేదు. తర్వాతి రోజు ఇక ఆగలేక చెప్పేశాను. "మేస్త్రీ, నీ ఒంటిమీద ఉన్నది మా ఆవిడ" అన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అంతా చెప్పాను, వరండాలో నువ్వు కాగితం పట్టుకుని కూర్చోవడం నుంచీ.

చాలాసేపు చెయ్యి వంకే చూశాడు. తర్వాత, "వంట బాగా చేసేదా?" అన్నాడు.

"బాగానే చేసేది."

"నోరు?"

"నీకంటే నయం."

"సరే, ఆ గుడ్డు ఇటు పెట్టు. పరాయి ఆడమనిషి నా కోసం ఇంత పని పెట్టుకుంటే, నేను తినకపోతే బాగోదు" అన్నాడు. పెద్ద సిస్టరు గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

అప్పటినుంచి వదినగారు అంటాడు. "ఇవాళ వదినగారు దురద పెడుతున్నారు." "వదినగారు రాత్రంతా చల్లగా ఉంచారు, నిద్ర పట్టింది." చెయ్యి చాపమంటే పళ్ళు కొరుకుతాడు, బూతులు తిడతాడు, వెంటనే, "వదినగారూ, చెవులు మూసుకోండి" అంటాడు. నేను మణికట్టు పట్టుకుని మెల్లగా లాగుతాను. రోజుకి కాస్త ఎక్కువ సాగుతోంది.

ఇది చదివి నవ్వకు. అతను కునుకు తీసినప్పుడు నేను ఆవిడతో మాట్లాడుతున్నాను. బీరువా తాళం ఎక్కడ పెట్టావే అని అడిగాను. మేస్త్రీ నిద్ర నటిస్తున్నాడట, "దిండు కింద చూడు" అన్నాడు కళ్ళు తెరవకుండా. ఇంటికొచ్చి చూశాను. లేదు. అయినా అడిగాక మనసు తేలికపడింది. చెప్పాపెట్టకుండా నన్ను ఇలా వదిలేసి పోవడం ఏం మర్యాద అని కూడా అడిగాను. ఇంట్లో పెళ్ళాంతో ఎప్పుడూ ఇన్ని మాటలు మాట్లాడలేదు. మెషిన్ చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు కదా.

నువ్వు ఆ కాగితం పట్టుకుని రావడం మంచిదే అయింది. తిట్టినందుకు ఏమీ అనుకోకు.

బావ


స్కిన్ బ్యాంకు,
మంగళవారం

బావా,

మీరు గడ్డం గీసుకున్నారంటే సంతోషంగా ఉంది.

మేస్త్రీకి ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది. అది తాత్కాలికమని మొదటి ఉత్తరంలోనే రాశాను. అంచులు లేస్తాయి, ఎండిన ఆకులా చుట్టుకుంటాయి, కొంచెం వాసన కూడా వస్తుంది. అప్పుడు డాక్టర్లు తీసేస్తారు. దానికి మీరూ సిద్ధపడండి, అతణ్ణీ సిద్ధం చెయ్యండి. అది కట్టు, బావా. కట్టు అన్నాక విప్పుతారు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

మీ బావమరిది


కుట్టు దుకాణం,
గురువారం

బావమరిదికి,

నీ నోట ఏ ముహూర్తాన వచ్చిందో, నిన్న ఎడమ చేతి మీద అంచు లేచింది. ఇవాళ అరచెయ్యంత ఊడింది. కింద ఎర్రగా ఉంది. మేస్త్రీ నన్ను చూసి, "దర్జీ, వదినగారు వెళ్ళిపోతున్నారు, ఆపవయ్యా" అన్నాడు. అంత నోరున్న మనిషి, ఆ మాటని నెమ్మదిగా అన్నాడు. గుడ్డు ముట్టలేదు.

డాక్టరమ్మని అడిగాను. సొంత చర్మం అతకడానికి అతని ఒంట్లో ఇంకా సత్తువ లేదట. ఈలోగా కప్పడానికి మళ్ళీ జీవకట్టు కావాలట. మీ బ్యాంకుకి అర్జీ పెడుతున్నారు, వరసలో ఎప్పుడొస్తుందో తెలీదంది.

వరస ఏమిటి నా మొహం! మీ అక్కది ఇతని ఛాతీకి, రెండు చేతులకి సరిపోయి ఇంకా మిగిలి ఉండాలి. నాకు కొలతలు చెప్పకు, నా పని అదే. ఆ మిగిలింది మీ చల్లటి పెట్టెలో ఉంటుంది. అది పంపు. నంబరు నీకు తెలుసు. భర్తని, నేను అడుగుతున్నాను. సంతకం పెట్టమన్నప్పుడు నీకు నిబంధన అడ్డం రాలేదు, ఇప్పుడూ రాకూడదు.

నువ్వు చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే రాత్రంతా కూర్చుంది నీ అక్క. ఆవిడ కోసం ఒక్క పెట్టె పంపలేవా?

బావ


స్కిన్ బ్యాంకు,
సోమవారం

బావా,

మీరు అడిగింది పంపలేను. లేదు కాబట్టి పంపలేను.

మొదటి పరీక్షలోనే అక్క చర్మంలో క్రిమి పెరిగింది. మంచంలో ఉన్న రోజుల్లో ఒంట్లో చేరినది. ఎవరి తప్పూ లేదు. మందుల్లో నానబెట్టి, కడిగి, మళ్ళీ పరీక్షకు పెట్టాం. మళ్ళీ పెరిగింది. రెండోసారి కూడా పెరిగితే కాల్చేయాలి. అలాంటిది ఒకరి పచ్చిపుండు మీద వేస్తే మనిషే పోతాడు. మా మేడమ్ నన్ను ఆ పూట సెలవు పెట్టి వెళ్ళిపొమ్మంది. వెళ్ళలేదు. ఆసుపత్రి వెనక వ్యర్థాలు కాల్చే గది దాకా ఆ సంచి నేనే తీసుకెళ్ళాను. అక్కడి మనిషి దాన్ని మిగతా సంచులతో కలపబోతే, వేరుగా వెయ్యమని అడిగాను. వేశాడు. అది ఒక్కటే నేను చేయగలిగాను.

మీ మొదటి ఉత్తరం వచ్చేసరికి ఇదంతా అయిపోయింది. ఎవరి మీద ఉంది అని అడిగారు. ఎవరి మీదా లేదు. ఆ మాట రాయడానికే కూర్చుని, గ్లిజరిన్ గురించి రాశాను.

రెండోది కూడా చెప్పేస్తాను. మీరు వార్డుకి వెళ్ళిన సంగతి రాశాక పెద్ద సిస్టరుకి ఫోన్ చేశాను. మేస్త్రీకి వేసింది పంది చర్మం. దాన్నీ ఇలాగే శుద్ధి చేసి వాడతారు. మనిషి చర్మం దొరకనప్పుడు అదే దిక్కు, మంచి కట్టే. అతనికి నొప్పి తగ్గిందన్నది నిజం, రాత్రి నిద్ర పట్టిందన్నదీ నిజం. అందులో అక్క లేదు, అంతే. ఆ వంకతో మీరు ఇంట్లోంచి కదులుతున్నారని, మీకు చెప్పొద్దని సిస్టరుని నేనే బతిమాలాను.

ఎందుకు దాచానంటే, మీరు గడ్డం గీసుకున్నానని రాశారు. మళ్ళీ ఒరేయ్ అని పిలిచారు. అక్క పోయాక నాకు మిగిలింది మీరొక్కరే. కాగితం పట్టుకుని మీ పక్కన కూర్చున్నవాణ్ణి నేను. అది ఎవరికీ పనికిరాలేదని చెబితే మీరు నా ముఖం ఇక చూడరని భయపడ్డాను. ఇప్పటికీ భయంగానే ఉంది.

మేస్త్రీ అర్జీ వచ్చింది. రేపటి పెట్టెలో అతనికి చర్మం బయల్దేరుతోంది. పరీక్షలన్నీ గట్టెక్కిన మనిషి చర్మమే. ఎవరిదని అడగకండి, చెప్పను.

మీ బావమరిది


కుట్టు దుకాణం,
శుక్రవారం

ఉత్తరం అందింది. పంది అని రాసిన చోట రెండుసార్లు చదివాను.

పెట్టె కూడా ఆసుపత్రికి చేరిందట. సిస్టరు కబురు చేసింది. నేను వెళ్ళలేదు.

నాకు ఉత్తరాలు రాయకు.


స్కిన్ బ్యాంకు,
ఆదివారం

బావా,

రాయొద్దన్నారు, రాస్తున్నాను. చదవకుండా చింపినా పర్వాలేదు.

మీరు వార్డుకి రావడం లేదని పెద్ద సిస్టరు చెప్పింది. కొత్త చర్మం బాగా పట్టిందట. కానీ మేస్త్రీ చేతులు చాపడం మానేశాడట. ఎవరైనా పట్టుకోబోతే, "దర్జీ రానీ" అంటున్నాడట. ఇలా ఇంకొన్నాళ్ళు పోతే ఆ మోచేతులు ఇక తెరుచుకోవు.

నన్ను తిట్టండి. జన్మలో మాట్లాడకండి. నా మీది కోపం అతని మీద చూపకండి.

మీ బావమరిది


కుట్టు దుకాణం,
సోమవారం

ఒరేయ్,

నీ మీద కోపం పోలేదు. పోయిందనుకుని సంబరపడకు.

కొట్టు తెరవకుండా ఇంట్లో పడుకున్నాను. గోడ వంక తిరిగి పడుకుంటే, ఆ పందితో నేను మాట్లాడినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మర్యాదగా చెప్పి పోవాలని తెలీదా అని పందిని నిలదీశాను. నా బట్టలు ఎవరు సర్దుతారని పందిని అడిగాను. నవ్వు ముంచుకొచ్చింది. ఒక్కణ్ణే, మంచం మీద, కడుపు పట్టుకుని నవ్వాను. మీ అక్క ఉంటే ఊరుకునేదా? "కట్టుకున్నదానితో మాట్లాడటానికి తీరిక లేదు, పందితో సాయంత్రాలు గడిపాడు మహానుభావుడు" అని వీధి వీధంతా చెప్పుకుని నవ్వేది. ఆ మాట ఆవిడ గొంతులో వినిపించాక నవ్వు ఎటుపోయిందో తెలీదు. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. ఆవిడ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

రాయొద్దన్నాక నువ్వు రాసిన ఉత్తరం చింపుదామనే విప్పాను. చదివాక ముఖం కడుక్కుని వార్డుకి వెళ్ళాను.

మేస్త్రీ అటు తిరిగి పడుకున్నాడు. "వచ్చావా? కొలతలు అయిపోయాయనుకున్నా" అన్నాడు.

"మేస్త్రీ, నీకో మాట చెప్పాలి. మొన్నటిదాకా నీ ఒంటిమీద ఉన్నది మా ఆవిడ కాదట."

"మరెవరు?"

"పంది."

వెల్లకిలా తిరిగాడు. "ఆడదా, మగదా?" అన్నాడు.

"అడగలేదు."

"అడగాల్సింది. నేను వదినగారు వదినగారు అన్నాను." అప్పుడు కోపం వచ్చింది అతనికి. "పంది పేరు చెప్పి నా చేత అన్ని గుడ్లు తినిపించావు కదయ్యా! చెవులు మూసుకోమని బతిమాలాను! మొత్తం వార్డు ముందు!" అని అరిచాడు. పక్క మంచం మనిషి నవ్వాడు. అతన్నీ తిట్టాడు. తిట్టి తిట్టి అలిసిపోయి అడిగాడు, "మరి ఆమెది ఎవరికి వేశారు?"

"ఎవరికీ వెయ్యలేదు. పనికిరాలేదట. కాల్చేశారు."

ఏదో ఒకటి అంటాడనుకున్నాను. కుడి చెయ్యి మెల్లగా నా వైపు జరిపాడు. "మోచెయ్యి పట్టేసింది. కాస్త లాగు" అన్నాడు. మణికట్టు పట్టుకున్నాను. కొత్త చర్మం మీద వేళ్ళు పడకుండా, గుడ్డ పైనుంచి. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి అతనికి. నాకూ తిరిగాయి, నాకు నొప్పి లేదు. "ఇప్పుడున్నది ఎవరిది?" అని అడిగాడు. తెలీదన్నాను. "మంచిది. పలకరించక్కర్లేదు" అన్నాడు. ఈసారి తిట్టేటప్పుడు ఎవరినీ చెవులు మూసుకోమనలేదు.

వచ్చే వారం అతని తొడ నుంచే తీసి అతుకుతారట. అది మానాక చేతులకి బిగుతు తొడుగులు వెయ్యాలట, మచ్చలు ఉబ్బకుండా. బయట దొరికేవి అతనికి సరిపోవట. నేను కుడతానని డాక్టరమ్మకి చెప్పాను. ఆ సాగే గుడ్డ మీ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుందో కనుక్కో.

ఇక మన సంగతి. మీ అక్క బతికున్నన్నాళ్ళూ ఎవరో ఒకరికి పనికొస్తూనే ఉంది. నీకు అమ్మ లేని లోటు తీర్చింది. నా కొట్లో బొత్తాల కాజాలన్నీ కుట్టింది ఆవిడే. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఈవిడే వెళ్ళేది. పోయాక కూడా పనికిరావాలని మనిద్దరం ఆశపడ్డాం. రాలేదు. నీ ఉత్తరం చదివినప్పుడు అది అవమానంలా అనిపించింది, ఆవిణ్ణి ఎవరో వద్దని వెనక్కి పంపినట్టు. ఇప్పుడు అలా లేదు. ఇన్నేళ్ళు అందరికీ చేసింది. ఇక ఎవరికీ ఏమీ చెయ్యక్కర్లేదు.

ఆ సంచిని వేరుగా వేయించావు చూడు, ఆ ముక్క దగ్గర చాలాసేపు ఆగాను. నువ్వు ఒక్కడివే అక్కడ నిలబడ్డావు. వచ్చి మళ్ళీ ఎవరిదో చర్మం కడిగావు. నాకు చెప్పుకోవాల్సింది. నేను అరిచేవాణ్ణి, అది వేరే సంగతి.

ఆవిడ లేదురా. ఎవరి మీదా లేదు, ఏ పెట్టెలోనూ లేదు. చాలా కష్టంగా ఉంది. సెలవు పెట్టి ఒకసారి రా. మనిద్దరం కలిసి ఇంకా ఏడవనేలేదు.

బావ